పదోన్నతికి కొలమానం.. కాగితమా? కార్యక్షేత్రమా?

అగ్నిమాపక కేంద్రంలో ఏళ్ల తరబడి హోస్‌పైపు పట్టిన ఉద్యోగి అధికారి అయ్యాక చేయవలసిన పని వేరు. మండుతున్న భవనంలోకి ఎవరిని పంపాలి, ఎవరిని వెనక్కి పిలవాలి అన్నది క్షణాల్లో తేల్చాలి. ఈ సామర్థ్యాన్ని రాతపరీక్ష పట్టుకోగలదా? అమెరికాలో ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

న్యూహేవెన్ నగరంలో 2003లో లెఫ్టినెంట్, కెప్టెన్ పోస్టులకు 118 మంది పోటీపడ్డారు. రాతపరీక్షకు 60 శాతం, మౌఖిక పరీక్షకు 40 శాతం మార్కులు. నల్లజాతి అభ్యర్థులు బాగా వెనుకబడటంతో, వివక్ష కేసులు వస్తాయన్న భయంతో నగర పాలకులు ఫలితాలనే పక్కన పెట్టారు. చదవడంలో ఇబ్బంది ఉన్న ఒక అభ్యర్థి పుస్తకాలను డబ్బిచ్చి టేపుల్లోకి చదివించుకొని, విని మరీ సిద్ధమయ్యారు. ఆయనతోపాటు పలువురు కోర్టుకెక్కగా, 2009 జూన్ 29న 5-4 మెజారిటీతో తీర్పు వారికే అనుకూలంగా వచ్చింది.

తీర్పుతో విభేదించిన జస్టిస్ గిన్స్‌బర్గ్ మాత్రం అసలు పరీక్షా విధానాన్నే ప్రశ్నించారు. 1996 నాటి అధ్యయనంలో దాదాపు మూడింట రెండొంతుల నగరాలు పదోన్నతులకు 'అసెస్‌మెంట్ సెంటర్' పద్ధతిని కూడా వాడుతున్నట్లు తేలిందని గుర్తుచేశారు. ఇందులో అభ్యర్థికి అగ్నిప్రమాద దృశ్యం చూపి ఆదేశాలివ్వమంటారు. మాట వినని సిబ్బందిగా నటించే వ్యక్తిని ఎదురుగా కూర్చోబెడతారు. కుప్పపడిన ఫైళ్లలో ముందు దేన్ని తీస్తారో గమనిస్తారు. శిక్షణ పొందిన పరిశీలకులు విడివిడిగా మార్కులు వేస్తారు.

ఇదీ దోషరహితం కాదు. ఇంగ్లండ్, వేల్స్ పోలీసుల్లో సార్జెంటు, ఇన్‌స్పెక్టరు పదోన్నతులకు ఒక్కొక్కటి ఐదు నిమిషాల చొప్పున ఏడు కల్పిత సన్నివేశాలు ఉండేవి. ఐదు నిమిషాలు చక్కగా నటించినవారంతా మంచి అధికారులవుతారా? అక్కడ తరువాత ఆ పద్ధతి విడిచి, తాత్కాలిక పదోన్నతి ఇచ్చి ఏడాదిపాటు విధుల్లోనే మదింపు చేసే విధానం తెచ్చారు.

మన జిల్లాల్లో పదోన్నతి అనగానే సీనియారిటీ, డిపార్ట్‌మెంటల్ పరీక్షలే గుర్తొస్తాయి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాల్లో మాక్‌డ్రిల్స్ జరుగుతూనే ఉన్నాయి. అయితే అవి ప్రజలకు అవగాహన కల్పించే ప్రదర్శనలే తప్ప, ఆదేశాలిచ్చిన వారి నిర్ణయాలను తూచేవి కావు. అలా తూచాలంటే ముందు సిఫార్సుల బెడదను దాటాలి. జవాబుపత్రాన్ని మళ్లీ దిద్దించవచ్చు, పరిశీలకుడి మనసులోని మార్కును దిద్దించలేం. పొరుగు జిల్లాల అధికారులనే పరిశీలకులుగా నియమించి, ప్రతి అభ్యాసాన్నీ వీడియో తీయించి భద్రపరిస్తే, అన్యాయం జరిగిందనుకున్న ఉద్యోగి అప్పీలుకు ఆధారమైనా ఉంటుంది.