అలీ ముందు టైసన్ నిలవడు

మహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి ఊపు మీద ఉన్న రోజుల్లో తలపడి ఉంటే గెలుపెవరిది? ఈ ప్రశ్న వేస్తే ఇవాళ ఎక్కువమంది నోట వచ్చే జవాబు ఒకటే: 1988 నాటి టైసన్ అయితే రెండు మూడు రౌండ్లలోనే అలీని మట్టి కరిపిస్తాడు. 2022లో 'లైగర్' సినిమాలో టైసన్‌ను చూసిన మన కుర్రాళ్లదీ అదే మాట. ఈ మాట శుద్ధ తప్పు. రెండు నిమిషాల వీడియో ముక్కలు చూసి పదిహేను రౌండ్ల పోరాటానికి తీర్పు చెప్పడం వల్ల వచ్చిన తప్పు ఇది.

టైసన్ గొప్పతనాన్ని నేను కాదనను. 1986 నవంబరులో ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండ్లో కూల్చి, ఇరవై ఏళ్ల నాలుగు నెలల వయసుకే హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించాడు. అంత వేగం, అంత బరువైన పంచ్ ఒకే మనిషిలో కుదరడం అరుదు. కానీ ఆ వీడియోల్లో కనబడని పోటీల సంగతేమిటి? 1986లో జేమ్స్ టిల్లిస్, మిచ్ గ్రీన్ అతనితో పది రౌండ్లూ ఆడారు. 1987లో బోన్‌క్రషర్ స్మిత్, టోనీ టక్కర్ పన్నెండు రౌండ్లూ నిలబడ్డారు. నాలుగు పోటీల్లోనూ పాయింట్ల మీద గెలిచింది టైసనే, నిజమే. అయినా వాళ్లెవరినీ నాకౌట్ చేయలేకపోయాడు. స్మిత్ చేసిందల్లా దగ్గరకు రాగానే చేతులు చుట్టి పట్టుకోవడమే. అంతమాత్రానికే టైసన్ పంచ్‌లకు దారి మూసుకుపోయింది. మెడ వెనక చెయ్యి వేసి ప్రత్యర్థిని కిందికి వంచి పట్టుకోవడంలో అలీని మించినవాడు లేడు. పైగా అలీ ఆరడుగుల మూడంగుళాల మనిషి, టైసన్ అయిదడుగుల పదంగుళాలు. చేతుల చాపులో తేడా ఏడంగుళాలు. అలీ జాబ్‌ను, అంటే ముందు చేత్తో సూటిగా విసిరే పంచ్‌ను, దాటుకుని లోపలికి రావాలంటే టైసన్ ప్రతిసారీ మూల్యం చెల్లించాల్సిందే.

లోపలికి దూరి ఎడమ హుక్ విసిరేవాళ్లంటే అలీకి కష్టమని కొందరంటారు. ఈ ఒక్క వాదనలో బలముంది. 1963లో లండన్‌లో హెన్రీ కూపర్ ఎడమ హుక్‌కే అలీ పడ్డాడు. 1971 మార్చిలో న్యూయార్క్‌లో చివరి రౌండ్లో జో ఫ్రేజియర్ కొట్టిన హుక్‌కు వెల్లకిలా పడ్డాడు, కాళ్లు గాలిలోకి లేచాయి, దవడ వాచిపోయింది. ఆ పోటీని మళ్లీ చూడండి. అప్పటికి పద్నాలుగు రౌండ్ల దెబ్బలు తిన్న మనిషి క్షణాల్లో లేచి నిలబడి ఆ రౌండ్ పూర్తి చేశాడు. పాయింట్ల మీద ఓడాడు గానీ రెఫరీ చేత పది లెక్కపెట్టించుకోలేదు. కెరీర్ మొత్తంలో ఏనాడూ లెక్కపెట్టించుకోలేదు. కూపర్ మీదైతే తర్వాతి రౌండ్లోనే గెలిచాడు. టైసన్‌లాగే పొట్టిగా ఉండి, తల ఊపుతూ మీదికొచ్చే ఫ్రేజియర్‌తో అలీ మూడు పోటీల్లో 41 రౌండ్లు ఆడాడు, రెండు గెలిచాడు. రౌండ్లు గడిచేకొద్దీ ఫ్రేజియర్ వేడెక్కేవాడు. టైసన్ చల్లబడేవాడు.

ఇక 1990 ఫిబ్రవరి, టోక్యో. పదో రౌండ్లో బస్టర్ డగ్లస్ అప్పర్‌కట్‌తో టైసన్ తల వెనక్కి విరిచి, వెంటనే వరుసగా పంచ్‌లు కురిపించాడు. కింద పడ్డ టైసన్ మోకాళ్ల మీద పాకుతూ, ఊడిపడిన మౌత్‌గార్డ్ కోసం తడుముకున్నాడు. దొరికిన దాన్ని నోట్లో సరిగ్గా పెట్టుకోలేకపోయాడు, ఒక కొస బయటికి వేలాడుతూనే ఉంది. రెఫరీ లెక్క అయిపోయింది. ఆ తర్వాత హోలీఫీల్డ్, లెన్నాక్స్ లూయిస్, డానీ విలియమ్స్ పడగొట్టినప్పుడూ చివరికి ఓటమే. కింద పడి లేచి గెలిచిన పోటీ టైసన్ జీవితంలో ఒక్కటీ లేదు.

టోక్యో మాట ఎత్తగానే అభిమానులు, 'అప్పటికే అతని ప్రైమ్ అయిపోయింది' అంటారు. అప్పుడతని వయసు 23! ట్రైనర్ కెవిన్ రూనీని వదిలేశాక అతని ఆట పాడయిందన్నది నిజమే. కానీ ఓడే ముందురోజు దాకా ప్రైమ్, ఓడిన రోజు నుంచి కాదు అంటే అది వాదన కాదు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు అలీ 25 ఏళ్ల వయసులో కిరీటం పోగొట్టుకున్నాడు, మూడున్నరేళ్లు రింగ్‌కు దూరమయ్యాడు. అలాంటి మనిషి 32 ఏళ్ల వయసులో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండ్లో నాకౌట్ చేశాడు. ఫోర్‌మన్ పంచ్ టైసన్ పంచ్‌కు ఏ విధంగానూ తీసిపోదు. ఇక అలీ అసలైన ప్రైమ్ చూడాలంటే 1966లో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తో జరిగిన పోటీ చూడాలి. వెనక్కి నడుస్తూ కొట్టిన పంచ్‌లతో మూడు రౌండ్లలో పని పూర్తి చేశాడు. ఆ అలీని టైసన్ అభిమానులు లెక్కలోకే తీసుకోరు. నాకు కోపం తెప్పించేది అదే.

టైసన్‌ను తీర్చిదిద్దిన కస్ డమాటో, అంతకు ముందు అదే పీకాబూ పద్ధతిలో, అంటే రెండు చేతులూ ముఖానికి అడ్డంగా పెట్టుకుని ఆడే పద్ధతిలో, ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను తయారుచేశాడు. ఆ ప్యాటర్సన్‌ను అలీ 1965లోనూ 1972లోనూ ఓడించాడు. మొదటిసారి ప్యాటర్సన్‌కు నడుం నొప్పి ఉన్న మాట వాస్తవమే. అయినా ఆ పద్ధతి అలీకి కొత్త కాదు.

1989లో ఒక అమెరికన్ టీవీ షోలో టైసన్ దెబ్బ తగిలితే తాను పడిపోతానన్నట్టు అలీ నటించి చూపాడు. దాన్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లున్నారు. అది పెద్దమనిషి మర్యాద. అదే షోలో, అందరూ తల వంచాల్సింది అలీకేనని టైసన్ చెప్పిన మాట వాళ్లు ఎందుకు దాచిపెడతారు?

నా లెక్క ఇది. మొదటి మూడు రౌండ్లు టైసన్‌వి కావచ్చు, అలీ ఒకసారి కింద పడవచ్చు కూడా. అయిదో రౌండ్ నుంచి జాబ్‌లు లెక్కకు మించి తగులుతాయి, టైసన్ కళ్లు వాస్తాయి, ఒక్కో పంచ్ కోసం వెతుక్కుంటాడు. పది, పదకొండు రౌండ్ల మధ్య రెఫరీ ఆపేస్తాడు. ఆపకపోయినా, ఇంకా నాలుగు రౌండ్లు మిగిలే ఉంటాయి. అలీ కాలంలో టైటిల్ పోటీ అంటే పదిహేను. టైసన్ తన జీవితంలో పదమూడో రౌండ్ ఎన్నడూ ఆడలేదు.