ముసలి కుక్కకూ ఓ ఇల్లు

కుక్కను దత్తత తీసుకుందామని వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగేది కుక్కపిల్లల్నే. వయసు మళ్లి, చూపు తగ్గిన కుక్క దగ్గర ఆగేవాళ్లు అరుదు. 1992లో అక్కినేని అమల స్థాపించిన హైదరాబాద్ బ్లూక్రాస్ లాంటి సంస్థలు దెబ్బతిన్న మూగజీవాలకు వైద్యం చేయిస్తాయి. ఆ తర్వాత వాటికి కావలసింది ఓ ఇల్లు. అప్పటికే రెండు కుక్కలు, ఓ పిల్లి ఉన్న ఇంట్లో అలాంటి ముసలి కుక్క ఇమడగలదా? ఈ నెల ముఖచిత్ర కథనం దీని గురించే.

తొందరపడకపోతే ఇమడగలదు. ముందు పశువైద్యుడి పరీక్ష, టీకాలు. కొన్నాళ్లు వేరే గది. ఒకదాని పడక గుడ్డ మరొకదాని దగ్గర వేస్తే, ఎదురుపడకముందే వాసనతో పరిచయమవుతుంది. తొలిసారి కలపడం ఇంట్లో కాదు, బయట, పట్టీలతో పక్కపక్కన నడిపిస్తూ. తిండి గిన్నెలు దూరదూరంగా పెట్టాలి. పిల్లికి, కుక్కలెగరలేని ఎత్తులో ఓ అర ఉండాలి.

చూపులేని కుక్క ముక్కుతో, అడుగులతో ఇంటిని గుర్తుపెట్టుకుంటుంది. సోఫా జరిపితే తడబడుతుంది. కీళ్లనొప్పులున్నదానికి నున్నటి టైల్స్ మీద కాళ్లు జారతాయి. గోనెపట్టా పరిస్తే పట్టు దొరికి లేచి నిలబడుతుంది. చెవుడున్నదాన్ని నిద్రలో తట్టి లేపితే ఉలిక్కిపడి కరవొచ్చు.

జాలి ఒక్కటే చాలదు. మందుల ఖర్చు, మీరు ఊరెళ్తే చూసుకునే మనిషి, ఇంట్లో ఉన్నవాటి స్వభావం, మూడూ ఆలోచించుకోండి. కుదరదనుకుంటే ఒకదాని మందుల ఖర్చు భరించినా మేలే. కుదురుతుందనుకుంటే, ఈసారి వెళ్లినప్పుడు ముసలివాటినీ చూపించమని అడగండి.

- సంపాదకుడు