టీవీలో కెమిస్ట్రీ చూద్దాం, కానీ ఆపి ఆపి చూద్దాం



ఆదివారం మధ్యాహ్నం పెద్ద టీవీలో సినిమా వెయ్యాలా, సైన్సు డాక్యుమెంటరీ వెయ్యాలా అనే తగాదా ఈ నెలంతా మన డైనింగు హాల్లో నడుస్తూనే ఉంది. "వారమంతా పాఠాలే, ఆదివారం కూడా పాఠమేనా?" అని ఒక పక్షం. "చూస్తే మార్కులొస్తాయి గదా" అని ఇంకో పక్షం. నేను డాక్యుమెంటరీ పక్షమే. అయితే మార్కుల కోసం కాదు. మార్కులకు గైడు చాలు.

ఇంతవరకు మనకు వేసినవి రెండు. ఒకటి బీబీసీ వాళ్ళు 2010లో చూపించిన 'కెమిస్ట్రీ: ఎ వొలటైల్ హిస్టరీ'. బాగ్దాదులో పుట్టి ఇంగ్లండులో ప్రొఫెసరైన జిమ్ అల్-ఖలీలీ మూడు భాగాల్లో మూలకాల కథ చెప్తాడు. రెండోది అమెరికాలో 2015లో పీబీఎస్‌లో వచ్చిన 'ది మిస్టరీ ఆఫ్ మేటర్'. ఇందులో నటులు శాస్త్రవేత్తల వేషాలు వేసుకుని, ఆ శాస్త్రవేత్తలు రాసుకున్న మాటలనే మనకు చెప్తారు. రెండూ ఇంగ్లీషులోనే. సగం అర్థమైంది, సగం సార్ ముఖం చూశాం.

అయినా ఒక లాభం మాత్రం జరిగింది. భాస్వరం అంటే మన పుస్తకంలో ఏముంది? సంకేతం 'పి', పరమాణు సంఖ్య 15. అంతే. 1669లో జర్మనీలో హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం తీద్దామని మూత్రాన్ని కుండలకొద్దీ పోగుచేసి, మగ్గబెట్టి, మరగకాచి, చివరకు చీకట్లో వెలిగే పదార్థాన్ని సంపాదించాడని పుస్తకంలో లేదు. అది విని మన ఎనిమిదో తరగతి తమ్ముళ్ళు నవ్వి నవ్వి బెంచీల మీద పడ్డారు. పడితే పడ్డారు, ఇప్పుడు వాళ్ళెవరూ భాస్వరాన్ని మర్చిపోరు. అందుకే ఈ ఫిల్ములు వెయ్యమంటున్నాను.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఫిల్ములో కాలం చాలా తొందరగా నడుస్తుంది. ఒకాయన ఆలోచిస్తూ కిటికీలోంచి చూస్తాడు, వెనక సంగీతం పెరుగుతుంది, కళ్ళు పెద్దవవుతాయి, కనిపెట్టేశాడు! ఇలాంటివి నాలుగు చూశాక మనకేమనిపిస్తుంది? "వాళ్ళ బుర్ర వేరు, మన బుర్ర వేరు" అనిపిస్తుంది. నిజం అలా లేదు.

మేరీ క్యూరీ సంగతే తీసుకోండి. రేడియం ఉందని 1898 డిసెంబరులో ప్రకటించారు. కానీ "ఏదీ, చూపించండి" అంటే చేతిలో పెట్టి చూపడానికి ఏమీ లేదు. చూపించాలంటే యురేనియం తీసేయగా మిగిలిన పిచ్‌బ్లెండ్ ఖనిజపు వ్యర్థాన్ని టన్నులకొద్దీ తెప్పించి, కరిగించి, వడకట్టి, మళ్ళీ కరిగించాలి. ప్యారిస్‌లో ఒక పాత షెడ్డు ఇచ్చారు. వాన వస్తే పైకప్పు కారేది. విడతకు 20 కిలోల సరుకు పెట్టుకుని, దాదాపు తనంత పొడుగున్న ఇనుప కడ్డీతో రోజంతా కలిపేదట. మన వంటమనిషి అక్క పెద్ద గంగాళంలో పప్పు కలిపేటప్పుడు చూడండి, భుజం ఎలా వంగుతుందో. అలా ఒక పూట కాదు, సుమారు నాలుగేళ్ళు. 1902లో చేతికొచ్చింది గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడు. ఆ నాలుగేళ్ళు తెర మీద కాసేపట్లో అయిపోతాయి. ఆమెకు 1903లో ఫిజిక్సు నోబెల్, 1911లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చాయని మనం క్విజ్‌లో టకటకా చెప్పేస్తాం, కడ్డీ సంగతి ఎవరూ అడగరు.

ఇంకో మాట. రేడియాన్ని ప్రకటించిన ఆ 1898 వ్యాసం మీద మూడు పేర్లున్నాయి. మేరీ, పియరీ, గుస్తావ్ బెమోన్. మూడో ఆయన పేరు మీరెప్పుడైనా విన్నారా? లావోయిజే దగ్గరా ఇంతే. ఆయన ప్రయోగాలకు బొమ్మలు గీసింది, ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలను ఫ్రెంచిలోకి మార్చి ఇచ్చింది ఆయన భార్య మేరీ-ఆన్. ఆక్సిజన్‌ను ప్రీస్ట్లీ 1774లో తయారుచేశాడని చెప్తాం. స్వీడన్‌లో మందుల షాపులో పనిచేసే షీలే అంతకు ముందే తయారుచేశాడు, కానీ అతని పుస్తకం 1777 దాకా అచ్చు కాలేదు. కథ అంటే ఒక్క హీరో ఉండాలని ఫిల్ము తీసేవాళ్ళు అనుకుంటారు కాబోలు, మన తెలుగు సినిమాలాగే!

మెండలీవ్ అనగానే కలలో ఆవర్తన పట్టిక కనిపించిందనే కథ వస్తుంది. అది ఆయన రాసిపెట్టుకున్న మాట కాదు, వేరేవాళ్ళు చెప్పింది. నాకు ఆ కలకంటే ఆయన ఊరు ముఖ్యం. 1834లో సైబీరియాలో టోబోల్స్క్ అనే చోట పుట్టాడు. మన ఏజెన్సీ లాగే అది కూడా రాజధానికి ఎక్కడో దూరం. తండ్రికి చూపు పోయింది, తర్వాత చనిపోయాడు. తల్లి ఒక గాజు ఫ్యాక్టరీ నడిపి పిల్లల్ని పెంచింది. 1848లో ఆ ఫ్యాక్టరీ తగలబడింది. చదువు ఆపేద్దాం అనలేదావిడ. రైలు లేని రోజుల్లో 2000 కిలోమీటర్ల పైన కొడుకుని మాస్కో తీసుకెళ్ళింది. అక్కడ చేర్చుకోలేదు. పీటర్స్‌బర్గ్ తీసుకెళ్ళింది. 1850లో టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో సీటు దొరికింది. అదే ఏడాది ఆ తల్లి చనిపోయింది. సంతల్లో చింతపండు, అడ్డాకులు అమ్మి మనల్ని ఇక్కడ చేర్పించిన అమ్మలకు ఈ ముక్క చెప్తే ఇంగ్లీషు రాకపోయినా అర్థమవుతుంది.

పట్టిక 1869లో వచ్చింది. అప్పటికి తెలిసినవి 63 మూలకాలే. ఆయన ధైర్యం ఎక్కడుందంటే, ఖాళీలు వదలడంలో ఉంది. "ఇక్కడ ఒకటి ఉండాలి, దాని సాంద్రత 5.9 దగ్గర ఉండాలి" అన్నాడు. తర్వాత ఆగాడు. 1875లో ఫ్రాన్సులో లెకాక్ ద బ్వాబోద్రాన్ గాలియం కనిపెట్టి సాంద్రత 4.7 అన్నాడు. మెండలీవ్ ఆ లోహాన్ని కంటితో చూడకుండానే "మళ్ళీ కొలవండి" అని చెప్పాడు. సరుకును శుద్ధిచేసి మళ్ళీ కొలిస్తే 5.9 వచ్చింది! నన్నడిగితే ఏ ఫైటు సీనుకైనా ఇది తీసిపోదు. మిగతా రెండు ఖాళీలకు 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం దొరికాయి. పట్టిక వేసిన నాటి నుంచి ఆ మూడూ నిండటానికి 17 ఏళ్ళు.

ఇప్పుడు మనవాడి సంగతి. భాస్వరం కథ బ్రాండ్ దగ్గర ఆగిపోలేదు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో అమెరికాలో సైరస్ ఫిస్కే, ఎల్లాప్రగడ సుబ్బారావు కలిసి ప్రకటించారు. నీలం రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1929లో అదే జంట కండరాల్లో ఏటీపీని కనిపెట్టింది. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు విడిగా కనిపెట్టాడు. సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని పాస్ కాలేదు. మూడోసారికి! బీబీసీ వాళ్ళు తియ్యకపోతే పోనీ, మనం ఈ గోడ మీద రాసుకుందాం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పదో తరగతి తర్వాత ఇంటర్‌లో ఏ గ్రూపు అని మా సెక్షన్‌లో మాట్లాడుకుంటే, సగం మంది "మనకు సైన్సు రాదులే, సీఈసీ తీసుకుందాం" అన్నారు. సీఈసీ తక్కువని నేననను. ఇష్టపడి తీసుకుంటే మంచిదే. కానీ ఒక్క ప్రయోగం కూడా చెయ్యకుండా "రాదులే" అని ఎలా తెలిసింది? ల్యాబు బీరువాకు తాళం ఉంది. ఆమ్లాల సీసాలు పగిలితే ఎవరు బాధ్యులు అని సార్లు భయపడతారు, ఆ భయం న్యాయమైనదే. అయితే ఆ బీరువాలో అన్నీ ఆమ్లాలే లేవు గదా. బీకర్లున్నాయి, గాజు గొట్టాలున్నాయి, లెన్సు ఉంది. వాటినైనా బయటికి తియ్యండి సార్.

కాబట్టి నా కోరిక ఇది. నెలలో రెండు ఆదివారాలు సినిమా, రెండు ఆదివారాలు డాక్యుమెంటరీ. డాక్యుమెంటరీ గంట ఒకేసారి వద్దు. ఇరవై నిమిషాలు వేసి ఆపాలి. సార్ తెలుగులో చెప్పాలి. చిన్న తమ్ముళ్ళకు తెలుగు కూడా కష్టమైన చోట పెద్దవాళ్ళం కోయలో చెప్తాం. ఆ తర్వాత తెర మీద చూసిన దాంట్లో ఒక్కటైనా చేతులతో చెయ్యాలి.

మొదటి ఆదివారానికి నేనే సిద్ధం. ప్రీస్ట్లీ లీడ్స్ పట్నంలో బీరు తయారుచేసే చోటు పక్కనే ఉండేవాడు. పులుస్తున్న తొట్ల మీద తేలే వాయువును పట్టి, నీళ్ళలో కలిపి సోడా చేశాడు. దాని గురించి 1772లో పుస్తకం వేశాడు. మన ఊళ్ళల్లో ఇప్పపువ్వు నానేసిన కుండలో బుడబుడమని పైకి వచ్చేది కూడా ఆ వాయువే, కార్బన్ డై ఆక్సైడు. (వార్డెన్ సార్ కోప్పడవద్దు, కుండ హాస్టలుకు తేను!) మనం వదిలే ఊపిరిలోనూ అదే ఉంటుంది. కిళ్ళీ సున్నం గోరంత తీసుకుని గ్లాసు నీళ్ళలో కలిపి రాత్రంతా ఉంచితే పైన తేట నీరు వస్తుంది. దాన్ని వేరే గ్లాసులోకి వంచుకుని గొట్టంతో మెల్లగా ఊదితే పాలలాగా తెల్లబడుతుంది. ఊదాలి గాని పీల్చకూడదు, నోరు పొక్కుతుంది. ఇంకా ఊదుతూ పోతే ఆ తెలుపు మళ్ళీ విరిగి తేటగా అవుతుంది. ఎందుకవుతుందో తెలిసినవాళ్ళు ఈ కాగితం కింద ఖాళీలో రాయండి. సున్నం నేను తెస్తాను, గొట్టాలకు మాత్రం బీరువా తాళం కావాలి.

— పదో తరగతి, బి సెక్షన్