బీల నేల, అడంగలు కాగితము

ఉద్దానమున మందస, వజ్రపుకొత్తూరు మండలముల తోటలనడుమ సరకుల విమానాశ్రయము నిర్మింపవలెననియు, సరుబుజ్జిలి, బూర్జ మండలముల గిరిజన గ్రామముల చెంత థర్మల్ విద్యుత్కేంద్రము నెలకొల్పవలెననియు ప్రతిపాదనలు వెలువడి, ఆయా గ్రామముల ప్రజలు సభలు చేసి తమ అసమ్మతిని తెలుపుచున్న ఈ తరుణమున, శ్రీకాకుళము జిల్లా ఇదివరకే మిక్కిలి వెలయిచ్చి నేర్చిన పాఠము నొకదానిని మరల తలపునకు తెచ్చుకొనుట అవసరమైనది. ఆ పాఠము సోంపేట బీలది. ఊరివారు ఒక నిర్మాణమునకు అడ్డునిలిచినప్పుడెల్ల వారిని అజ్ఞానులనియో, ఎవరో రెచ్చగొట్టగా లేచినవారనియో, అభివృద్ధికి విరోధులనియో భావించుట మన పాలకులకును, కొంతవరకు మన పత్రికలకును అలవాటైపోయినది. సోంపేటలో అట్లు భావించినందులకు చెల్లించిన మూల్యము రెండు నిండు ప్రాణములు.

తూర్పు కనుమలనుండి దిగివచ్చు గెడ్డల నీరు సముద్రమును చేరుటకు ముందు, తీరపు ఇసుక నేలకు ఇవతల, సోంపేట, కవిటి, కంచిలి మండలముల పల్లములలో విస్తరించి నిలుచును. ఆ నీటి నేలనే అక్కడివారు బీల యందురు. వానకాలమున చూచువారికి అది సరస్సు. నీరు తీసిన పిమ్మట చూచువారికి పసరిక బయలు. నడివేసవిలో దాని అంచున నిలిచి చూచువారికి కొంతమేర బీడు. ఈ మూడును ఒకే నేల. దాని నీటితో, కొంత సహజమైన పారుదలవలనను కొంత ఎత్తిపోతల పథకములవలనను, చుట్టుపట్ల గ్రామముల వరిపొలములు పండును. జాలరులు దానిలో చేపలు పట్టుదురు. పశువులు దాని గట్లవెంట మేయును. భూమిలేని పేద కుటుంబమునకు సైతము ఆ బీలలో ఒక భాగమున్నది. పట్టా యనునది లేకపోయినను, తరతరములుగా సాగివచ్చిన అనుభవమున్నది. జిల్లా కార్యాలయమునందలి కాగితములకు అందనిది సరిగా ఈ అనుభవమే.

2008లో నాటి రాష్ట్ర ప్రభుత్వము ఈ బీలలో సుమారు 972 ఎకరములను, నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టిన బొగ్గు విద్యుత్కేంద్రమునకు కేటాయించినది. 2009 ఆగస్టులో బహిరంగ విచారణ జరిగినది. వేదికపైనున్న అధికారులయెదుట గ్రామస్థులు ఒకరితరువాత ఒకరు లేచి ఇది నీటి నేల యని, దీనిని పూడ్చినచో తమ పొలములు పాడగునని చెప్పిరి. అదే సంవత్సరము డిసెంబరులో కేంద్రమునుండి పర్యావరణ అనుమతి వచ్చినది. ఆ మాసముననే పర్యావరణ పరిరక్షణ సంఘము పక్షమున సోంపేటలో రిలే నిరాహారదీక్షలు ఆరంభమైనవి. 2010 జూలై 14న, పోలీసు బలగముల రక్షణలో కంపెనీవారు పనికి పూనుకొనగా, వేలాది గ్రామస్థులు బీల యొద్ద అడ్డునిలిచిరి; కాల్పులు జరిగినవి; ఇద్దరు మరణించిరి. ఆ దినముననే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల ప్రాధికార సంస్థ, గ్రామస్థుల పక్షమున దాఖలైన అప్పీలుపై, ఆ పర్యావరణ అనుమతిని రద్దు చేసినది. ఊరివారు ఏడాదిగా చెప్పుచున్నమాటనే, అది నీటి నేల యన్నమాటనే, ఆ సంస్థ తుదకు అంగీకరించినది. ఒక్క దినము ముందుగా ఆ తీర్పు వెలువడియున్నచో, లేదా ఒక్క దినము ఆలస్యముగా పోలీసులు కదలియున్నచో, ఆ ఇద్దరు జీవించియుందురు గదా యన్న తలంపు ఆ ప్రాంతమును ఎరిగినవారిని నేటికిని వదలదు. పిదప కొన్ని సంవత్సరములు దీక్షలు సాగి, 2015లో ప్రభుత్వము భూకేటాయింపును ఉపసంహరించుకొన్నది.

ఈ క్రమమును మరియొకసారి పరికింపవలెను. మొదట భూమి కేటాయింపు. తరువాత ప్రజల విచారణ. ఆ తరువాత అనుమతి. అనగా ఇల్లు అమ్మిన పిమ్మట ఇంటిలోనివారిని పిలిచి ‘మీకు అభ్యంతరమేమైన నున్నదా?’ యని అడిగినట్లు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటనము ప్రకారము బహిరంగ విచారణ ప్రతిపాదిత స్థలమునకు సమీపముననే జరుగవలెను; జిల్లా కలెక్టరుగాని ఆయన ప్రతినిధిగాని అధ్యక్షత వహింపవలెను; నివేదికయొక్క సారాంశము స్థానిక భాషలో ఉండవలెను; జరిగినదంతయు చిత్రీకరింపవలెను. ఇవన్నియు మంచివే. కాని ఆ సభలో ఓటు లేదు. సభికుల అంగీకారము అవసరమును కాదు. అభ్యంతరములు నమోదై పైకి పోవును. పైవారు తమకు తోచినట్లు తూచుదురు. అందువలననే విచారణ ముగిసినవెంటనే ఊరిలో ‘మన మాట విన్నారు’ అను తృప్తి కలుగక, ‘రాసుకున్నారు, పోయారు’ అన్న నిస్పృహ మిగులుచున్నది. ఆ నిస్పృహయే తరువాత రహదారిమీదికి వచ్చును.

నా వాదమెల్ల ఇంతకు ముందరి ఘట్టమును గూర్చినది. నేల యెట్టిదో నిర్ణయించు కాగితము ఎవరు వ్రాయుచున్నారు, ఏ మాసమున వ్రాయుచున్నారు, ఎవరిని అడిగి వ్రాయుచున్నారు? పట్టణములలో ఒక వీధి నివాసమునకా, వ్యాపారమునకా, పరిశ్రమకా యని మాస్టరు ప్లానులో రంగులు వేసి చూపుదురు. దానిపై అభ్యంతరములకు గడువిత్తురు. పల్లెకు అట్టి రంగుల పటము లేదు. పల్లెకు ఉన్నది అడంగలును, సర్వే రిజిస్టరును మాత్రమే. వానిలో బీడనియో, గయాలు అనియో, పోరంబోకనియో ఒక్క మాట పడినచో ఆ నేల భవిష్యత్తు ఆ మాటతోనే నిర్ణీతమైపోవుచున్నది. ఉత్తరాంధ్రలో ఈ చిక్కు మరింత గాఢమైనది. మందస, టెక్కలి మొదలైన ప్రాంతములు జమీందారీలు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము తరువాత ఆ భూములు రైతువారీ పద్ధతిలోనికి వచ్చినప్పుడు, సాగుభూములకు పట్టాదారులు ముందుకువచ్చి తమ హక్కు నిరూపించుకొనిరి; ఊరందరిదియైన చెరువుకు, మేతబయలుకు, బీలకు అట్లు నిలిచి వాదించు ఒక్క పట్టాదారుడు లేడు. అందరిదియైనది ఎవరిదియు కానిదిగను, పిదప ప్రభుత్వము ఇష్టము వచ్చినవారికి ఇచ్చుటకు వీలైనదిగను మారినది. అయినను, మద్రాసు రాజధాని కాలమునుండియు రెవిన్యూ బోర్డు స్టాండింగు ఆర్డర్లు చెరువు గర్భములను, నీటి దారుల పోరంబోకులను పట్టాగా ఇచ్చుటను వారించుచునే యున్నవి. నియమము లేకపోలేదు, నేలను నీటి నేలగా గుర్తించుటయే లేకపోయినది.

ఉమ్మడి వనరుపై ఊరివారి హక్కు ఈ ప్రాంతమునకు కొత్త వాదము కాదు. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున, అడవినుండి కట్టెలు తెచ్చుకొను హక్కుకై పోరాడిన రైతులపై కాల్పులు జరిగినప్పుడు వీర గున్నమ్మ ప్రాణములు కోల్పోయినది. నాడు అడవి, డెబ్బది యేండ్ల తరువాత బీల. నాడు ఎదుటనున్నవాడు జమీందారు. తరువాత ఎదుటనున్నది మనము ఎన్నుకొన్న ప్రభుత్వము. ఈ రెండింటిని నేను సమానము చేయుటలేదు. ఎన్నుకొనబడిన ప్రభుత్వమును మార్చుకొను అవకాశము ప్రజలకున్నది, దానిని వారు వినియోగించుకొనిరి కూడ. కాని పోలీసు తుపాకి యెదుట నిలిచిన గ్రామస్థునికి ఆ భేదము ఎంతవరకు తోచునో పాలకులు ఆలోచింపవలెను.

సోంపేట నేర్పిన పాఠము అక్కడితో ముగియవలసినది, ముగియలేదు. ఎనిమిది మాసములైనను పూర్తిగా గడువలేదు, సంతబొమ్మాళి మండలము కాకరాపల్లి తంపర యను నీటి నేలలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీవారి విద్యుత్కేంద్రమునకు వ్యతిరేకముగా వడ్డితాండ్ర మొదలైన గ్రామముల మత్స్యకారులును, ఉప్పు పండించువారును, రైతులును సాగించిన ఉద్యమముపై 2011 ఫిబ్రవరి 28న మరల కాల్పులు, మరల మరణములు. దానికి సరిగా ఒక మాసము ముందు, జనవరి 28న, సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో గ్రామపు ఉమ్మడి భూములను, చెరువులను ఆక్రమణలనుండి కాపాడుమని రాష్ట్రములన్నింటిని ఆదేశించినది. ఆ తీర్పు ప్రతి కాకరాపల్లి తంపరవరకు చేరలేదు. ఏటేట వచ్చి తేలినీలాపురపు చెట్లపై గూళ్లు కట్టు గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును మేతకు దిగునది ఆ తంపరలలోనికే. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఆ విద్యుత్కేంద్రపు పని నిలుపుమని ఆదేశించినది కాల్పుల తరువాతనే.

ఎదుటి పక్షమున చెప్పదగినది చాల ఉన్నది. దానిని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి యేటేట వేలకొలది కుటుంబములు కూలికై హైదరాబాదునకును చెన్నైకిని వలసపోవుచున్నవి. ఇచటి మత్స్యకారులు కొందరు గుజరాతు పడవలలో పనికి పోయి, సముద్రమున హద్దు దాటి పాకిస్తాను చెరసాలలో పడి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఇట్టిచోట ఓడరేవు వచ్చుచున్నదన్నను, విమానాశ్రయము వచ్చుచున్నదన్నను, యువకుల కన్నులలో ఆశ మెరయుట సహజము. మూలపేట ఓడరేవునకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినప్పుడు ఆ ఆశతోనే పలువురు సమ్మతించిరి. నిర్మాణములు వలదని నేను అనను. కాని వలసను ఆపుటకై ఒక ఊరినే వలస పంపుట యెట్టి లెక్కయో ఎవరైన వివరింపవలెను. రేవుకొరకు మూలపేట, విష్ణుచక్రము గ్రామముల వారు తమ యిండ్లు విడువవలసివచ్చినది. కొవ్వాడయొద్ద అణువిద్యుత్కేంద్రమునకు 2009లో సూత్రప్రాయముగా స్థలము నిర్ణయమైనది మొదలు ఆ గ్రామములవారు ఇల్లు బాగుచేసికొనుటయా మానుటయా, పిల్లల పెండ్లికి భూమి అమ్ముటయా ఆగుటయా యని తేల్చుకొనలేక కాలము గడుపుచున్నారు. ప్రతిపాదన కార్యరూపము దాల్చకముందే దాని భారము ఊరిపై పడుచున్నది. దీనికి నష్టపరిహారపు పట్టికలో గడి లేదు.

మరియొక సంగతి. ఊరివారి అభ్యంతరమువలన నిర్మాణములు ఆగిపోవుచున్నవని ఫిర్యాదు చేయువారు విజయనగరము జిల్లా భోగాపురము సంగతి గమనింపవలెను. 2015లో అచటి విమానాశ్రయమునకు 5,311 ఎకరములు కావలెననిరి. సరుగుడు, జీడిమామిడి తోటలును, పూలతోటలును పెంచుకొను రైతులు ప్రతిఘటించిరి. కొందరు హైకోర్టునకు పోయిరి. ఆ సంఖ్య క్రమముగా దిగి సుమారు 2,700 అయినది. ఆ పైని 2,200 చేరినది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రియు, 2023 మేలో మరియొక ముఖ్యమంత్రియు శంకుస్థాపన చేసిన ఆ విమానాశ్రయము మొదట అడిగిన భూమిలో సగము కంటెను తక్కువలోనే నిర్మాణమునకు వచ్చినది. అనగా రైతులు ప్రశ్నింపకయున్నచో మూడువేల ఎకరములకు పైగా అవసరము లేకయే వారి చేతులు దాటిపోయెడివి. ప్రశ్న అడిగినందువలన విమానాశ్రయము ఆగలేదు. అనవసరమైన ఆకలి మాత్రము తగ్గినది. అయినను మరడపాలెము, ముడసర్లపేట, బొల్లింకలపాలెము, రెల్లిపేట గ్రామముల వారు తమ ఊళ్లను విడువకతప్పలేదన్నమాట మరువరాదు.

2013 నాటి భూసేకరణ చట్టము సామాజిక ప్రభావ అంచనాను, ప్రైవేటు సంస్థలకైనచో నూటికి 80 మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమునకైనచో 70 మంది భూయజమానుల సమ్మతిని అవసరము చేసినది. ఆ సంవత్సరముననే పొరుగు ఒడిస్సాలో, నియమగిరి కొండలపై బాక్సైటు త్రవ్వకము విషయమున, సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి పండ్రెండు గ్రామసభలు సమావేశమై పండ్రెండును వలదనినవి. ఆ నిర్ణయము నిలిచినది. కాని 2018లో మన రాష్ట్రము ఆ భూసేకరణ చట్టమును సవరించి, కొన్ని తరగతుల నిర్మాణములకు సామాజిక ప్రభావ అంచనానుండి మినహాయింపు నిచ్చుటకు దారి కల్పించుకొన్నది. పైగా ఆ సమ్మతి భూయజమానులది. బీలపై బ్రతుకు జాలరికి, మేతబయలుపై బ్రతుకు పశువుల కాపరికి పట్టా లేదు గనుక వారి సమ్మతితో పనిలేదు. ప్రభుత్వ భూమిని కేటాయించుటకు సేకరణయే అక్కరలేదు గనుక సోంపేట వంటి చోట ఆ చట్టము గుమ్మమువద్దనే నిలిచిపోవును.

కనుక ఉద్దానములోను, సరుబుజ్జిలిలోను ముందుగా జరుగవలసినది నాకు స్పష్టముగా తోచుచున్నది. ఏ కేటాయింపు ఉత్తరువునకైనను ముందు, ఆ భూముల సర్వే నంబర్లు, రికార్డులో వానికి ఉన్న వర్గీకరణ, ప్రతిపాదించు మార్పు గ్రామసభలో పైకి చదివి వినిపింపవలెను. ఇచ్ఛాపురము మొదలు మందస వరకు ఒడియా మాటలాడు కుటుంబములు అనేకము కలవు గనుక తెలుగుతోపాటు ఒడియాలోను చదువవలెను. తహశీల్దారు, ఇంజినీరు, పర్యావరణ నిపుణుడు ఆ నేలను వేసవిలో ఒకసారియు, శ్రావణమునకును కార్తికమునకును నడుమ గెడ్డలు నిండుగా పారు కాలమున ఒకసారియు చూచి, ఆ రెండు దర్శనములను నివేదికలో వ్రాయవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి చెట్లను కూల్చిన తోటలలో నీరు ఎటు పోయినదో, ఎచట నిలిచినదో చెప్పగలవారు ఆ తోటల యజమానులే. వారి మాటను సర్వేయరు పటముతో సరిచూచి, గ్రామసభ తీర్మానముగా నమోదు చేసి, ఆ ప్రతిని పంచాయతీ కార్యాలయమున అంటింపవలెను.