మగ్గము మీది కునుకు - సోమరితనమా? రోగమా?



ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దలు చెప్పుదురు. పండుగకు ముందు సరుకు అందించుటకై రాత్రి రెండు గంటలవరకు నాడె ఆడించినవాడు మరునాటి మధ్యాహ్నము కునికినచో వింత లేదు. దానికి మందు ఒక రాత్రి నిండు నిద్ర. కాని రాత్రి చాలినంత నిద్రించియు, పగలు మగ్గపు గుంటలో కాళ్ళుంచి కూర్చున్నవారు కూర్చున్నట్లే నిద్రలో పడిపోవు పిల్లలు కొందరుందురు. వారిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

నేను దీనిని వ్రాయుటకు కారణమున్నది. చాలా ఏండ్ల క్రిందట నా మగ్గములపై 16 ఏండ్ల కుర్రవాడొకడు నేయుచుండెడివాడు. రోజుకు నాలుగైదు సార్లు నిద్రపోయెడివాడు. చీరలో పోగులు తప్పెడివి. తోటివారు హాస్యమాడి నవ్వించినచో మోకాళ్ళు సడలి కూలబడెడివాడు. మాట వినబడుచునే యుండెడిది, లేవలేకపోయెడివాడు. అది వేషమని మేమనుకొన్నాము. కుంభకర్ణుడని పేరు పెట్టినాము. నేను కూలిలో కోత పెట్టినాను. తండ్రి కొట్టినాడు. తల్లి తాయెత్తు కట్టించినది. చివరకు పనిలోనుండి తీసివేసినాను. పదేండ్లు గడచిన పిమ్మట ఒక నరాల వైద్యుడు ఆ జబ్బుకు పేరు చెప్పినాడు - నార్కోలెప్సీ. వాని తప్పేమియు లేదని అప్పుడు తెలిసినది. తప్పు నాది.

ఈ రోగము కొత్తది కాదు. 1880లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జెలినో, ద్రాక్షసారా పీపాల వ్యాపారి యొకనిని పరీక్షించి దీనికి ఈ పేరు పెట్టినాడు. ఆ వ్యాపారియు పగలు మాటిమాటికి నిద్రలో పడుచుండెను. ఉల్లాసము కలిగినపుడు కాళ్ళు పట్టుదప్పుచుండెను. మా కుర్రవాని కథయు అదియే గదా!

తరువాత నూరేండ్లకు పైగా మూలకారణము తెలియలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో ఇదే జబ్బుగల డాబర్‌మన్ కుక్కలను పెంచి పరిశోధించినారు. ఇష్టమైన తిండి చూపగానే అవి కూలబడెడివి. 1998లో మెదడులో తయారగు ఒక పదార్థమును రెండు బృందములు వేరువేరుగా కనుగొన్నవి. ఒకరు హైపోక్రెటిన్ అన్నారు, మరొకరు ఓరెక్సిన్ అన్నారు, వస్తువు ఒక్కటే. 1999లో, ఆ కుక్కలలో ఈ పదార్థమును అందుకొనుటకు కావలసిన జన్యువు చెడియున్నదని తేలినది. 2000లో, ఈ రోగముతో జీవించి మరణించిన కొందరి మెదడులను పరీక్షింపగా, ఆ పదార్థమును తయారుచేయు కణములు నూటికి 85 నుండి 95 వరకు లేకుండ పోయినవి. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబాటున వానిని నాశనము చేయుచున్నదని పరిశోధకులు బలముగా అనుమానించుచున్నారు.

పడుగు బిగువు తప్పినచో ఎంతటి నేర్పరియైనను నేయలేడు. మెలకువకు ఈ పదార్థము అట్టి బిగువు. అది లేనివానిని తిట్టి మేల్కొలుపుట, వదులు పడుగును కొట్టి బిగించుట వంటిది.

పగటి నిద్రయంతయు ఈ రోగమే యని భయపడనక్కరలేదు. ఇది అరుదైనది. నిద్ర చాలకపోవుట, గట్టి గురకతో రాత్రి ఊపిరి ఆగి ఆగి వచ్చుట, రక్తహీనత, కొన్ని మందులు - ఇవియు పగటి మత్తుకు కారణములే. కాని ఈ రోగము తరచుగా చిన్న వయసులోనే మొదలగును. మనవారు దానిని సోమరితనమని కొట్టివేయుటచేత ఏండ్లు వృథాగా గడచిపోవును. కనుక నెలల తరబడి ఆపుకొనలేని నిద్ర వచ్చుచున్నచో, నవ్వినపుడు కాళ్ళుచేతులు సడలినచో, మేల్కొను వేళ ఒడలు కదలక భయంకర దృశ్యములు కనబడినచో, నరాల వైద్యుని చూడుడు. రాత్రి నిద్రను పరీక్షించి, మరునాడు రెండేసి గంటల కొకసారి పడుకొనబెట్టి ఎన్ని నిమిషములలో నిద్రపట్టునో కొలిచెదరు. సగటున 8 నిమిషములలోపల నిద్రపట్టి, రెండుసార్లైనను వెంటనే కలల నిద్ర వచ్చినచో, ఈ రోగమని గట్టిగా అనుమానించెదరు. పూర్తిగా కుదుర్చు మందు లేకున్నను, పగలు మెలకువ నిచ్చు మందులు కలవు. వైద్యుడు వ్రాసి ఇచ్చిననే వానిని వాడవలెను.

నిద్రపోవువానికి పని యెట్లిచ్చెదమని యజమానులు అడుగవచ్చును. మనది చాలచోట్ల ముక్కకింత కూలిగల వృత్తి. మధ్యాహ్నము వాడు 20 నిమిషములు పడుకొన్నచో మనకేమి నష్టము? నిర్ణీత వేళ తీసిన ఆ చిన్న కునుకు ఇట్టివారికి వైద్యులు చెప్పు చికిత్సలో ఒక భాగము. లేచినవాడు తప్పులు లేకుండ నేయును. షోలాపురము, భివండి వంటి చోట్ల మరమగ్గములపై పనిచేయు మనవారి సంగతి వేరు. అక్కడ కునుకు చేతికి ముప్పు. చికిత్స కుదురువరకు అట్టివానిని యంత్రము వద్ద నుంచరాదు. రాత్రి పాళీ అసలే వద్దు. మడత, లెక్క వంటి పని ఇచ్చి కూలి నిలుపవలెను.

మన సంఘములకు నా విన్నపమొకటి. పరీక్షకు పట్టణము పోవు బీద కుటుంబమునకు దారిఖర్చులు సంక్షేమనిధి నుండి ఇప్పించుడు. తల్లిదండ్రులకు మరొకటి: సంబంధము చూచునపుడు జబ్బును దాచకుడు. దాచినది పెండ్లియైన వారములోనే బయటపడును. చెప్పినది ఓర్పుతో నిలుచును.

ఆ కుర్రవాడు నేడు మందు తీసికొనుచు, వేళకు కునుకు తీయుచు, వేరొకరి మగ్గముపై చక్కగా నేయుచున్నాడు. నా మగ్గముపై నేయవలసినవాడు. మీ మగ్గముపై కునుకువానిని తిట్టుటకు ముందు ఒక్కసారి అడుగుడు: "నాయనా, రాత్రి నిద్రపట్టినదా?"

- ఒక పాత మగ్గముల యజమాని