కంప్యూటర్ కబుర్లు: ఫైలు ఉంది, భాష వేరు



మన పిల్లల్లో చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు. కానీ బడిలో నేర్చినవి ఒడియా అక్షరాలో, కన్నడమో, తమిళమో. అమ్మమ్మ రాసిన ఉత్తరం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "ఎవరైనా చదివి పెట్టండి" అంటారు. ఉత్తరం పోలేదు, చిరగలేదు. ఆ లిపి వాళ్ళకు రాదు, అంతే. కంప్యూటర్లలోనూ ఇలాంటి చిక్కే ఒకటుంది. కొత్త యంత్రం కొన్న ఇళ్ళలో తరచు ఎదురవుతుంది కనుక ఈసారి దాని సంగతి చూద్దాం.

మా పక్కింటి అమ్మాయి ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతోంది. పాత ఇంటెల్ మ్యాక్‌లో ఉన్నవన్నీ ఎం2 చిప్ ఉన్న మ్యాక్‌లోకి యథాతథంగా మార్చుకుంది. కొత్తగా పైథాన్ పెట్టుకుని ప్రాజెక్టు నడిపితే, లెక్కలకు వాడే నంపై లైబ్రరీ దగ్గర ఆగిపోయింది. గడువు నాలుగు రోజులే. స్నేహితులేమో అంతా చెరిపేసి మొదటినుంచీ పెట్టుకోమన్నారు. నాన్నగారేమో యంత్రంలోనే లోపముంది, కొన్నచోటే తిరిగి ఇచ్చేద్దామన్నారు. "తాతయ్యా, మీరొకసారి చూడండి" అంటూ నా దగ్గరకు వచ్చింది.

తెరనిండా ఎర్రర్ వరుసలు. వాటిలో చదవాల్సినవి కొన్ని మాటలే: "ఇన్‌కంపాటిబుల్ ఆర్కిటెక్చర్, హ్యావ్ ఎక్స్86_64, నీడ్ ఆర్మ్64". అంటే ఉన్నది ఇంటెల్ తరహా ఫైలు, కావలసింది ఆర్మ్ తరహా ఫైలు అని. ఫైలు కనబడలేదని అది అనడం లేదు, గమనించండి. కాబట్టి ఫోల్డర్లు వెతికి ప్రయోజనం లేదు.

పైథాన్‌లో మనం రాసే ప్రోగ్రాము మామూలు అక్షరాలే. ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది. నంపై వంటి లైబ్రరీలో ముఖ్యభాగం మాత్రం ముందుగానే ఒక ప్రాసెసర్ కోసం కంపైల్ చేసి ఉంటుంది. ఇంటెల్, ఏఎండీ చిప్‌ల ఆదేశాలు ఒక రకం. యాపిల్ ఎం చిప్‌లు, మన సెల్‌ఫోన్లు, రాస్ప్‌బెరీ పై అర్థం చేసుకునే ఆర్మ్ ఆదేశాలు మరో రకం.

"మరి పాత ఇంటెల్ ప్రోగ్రాములు ఎం2లో నడుస్తున్నాయి కదా?" అని మీరడగవచ్చు. అది రొసెట్టా 2 అనే దుబాసీ చలవ. యాపిల్ 2020 నవంబరులో ఎం1 యంత్రాలతో పాటు దీన్ని తెచ్చింది. అయితే నడుస్తున్న ప్రోగ్రాము మొత్తాన్నీ ఇది అనువదిస్తుంది గానీ, సగం ఆర్మ్, సగం ఇంటెల్ కలిపి నడపదు. కొత్త పైథాన్ ఆర్మ్‌ది, పాత నంపై ఇంటెల్‌ది. పొత్తు ఎలా కుదురుతుంది?

ఇలాంటప్పుడు మూడింటిని విడివిడిగా అడగండి. మొదటిది యంత్రం: యాపిల్ మెనూలో "అబౌట్ దిస్ మ్యాక్" చూస్తే చిప్ పేరు తెలుస్తుంది. టెర్మినల్‌ను రొసెట్టాలో తెరిచి ఉంటే "యూనేమ్" ఆదేశం ఇంటెల్ అనే చెబుతుంది కనుక, దాన్నొక్కదాన్నే నమ్మకండి. రెండవది ప్రోగ్రాము: పైథాన్‌లో "ప్లాట్‌ఫామ్" మాడ్యూల్‌లోని "మెషీన్" ఫంక్షన్ జవాబిస్తుంది. మూడవది లైబ్రరీ: టెర్మినల్‌లో "ఫైల్" అనే ఆదేశం ఇచ్చి, పక్కన లైబ్రరీ ఫైలు పేరు రాస్తే దాని తరహా చెబుతుంది. రెండు పేర్లూ చూపితే అది రెండు భాషల బోర్డులాంటి యూనివర్సల్ ఫైలు, చింత లేదు.

ఆ అమ్మాయి రాసుకున్న ప్రోగ్రాములు, సేకరించిన అంకెలు అలాగే ఉంచాం. పాత లైబ్రరీల ఫోల్డరు ఒక్కటే తీసేసి, ఆర్మ్ పైథాన్‌తో కొత్తది చేసి, నంపై మళ్ళీ దింపుకున్నాం. పిప్ తనంతట తానే ఆర్మ్ ఫైలు తెచ్చింది. గంట పట్టలేదు. యంత్రం తిరిగి ఇవ్వనూ లేదు, ఏదీ చెరపనూ లేదు.

సూత్రం ఒక్కటే: మీరు రాసినది వెంట తీసుకెళ్ళండి, యంత్రం కోసం కంపైల్ అయినది కొత్తచోట మళ్ళీ తెచ్చుకోండి. ఇంటెల్ కంప్యూటర్ నుంచి రాస్ప్‌బెరీ పైకి ప్రోగ్రాము కాపీ చేసినప్పుడు వచ్చే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్"కూ సాధారణంగా ఇదే మందు.

మరొక మాట. దుబాసీలు కలకాలం ఉండరు. పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కు మారినప్పుడు, 2006లో వచ్చిన మొదటి రొసెట్టాను యాపిల్ 2011లో తీసేసింది. రొసెట్టా 2 కూడా మ్యాక్‌ఓఎస్ 27 వరకే పూర్తిగా ఉంటుందని, ఆపైన కొన్ని పాత ఆటలకే పరిమితమని 2025 జూన్‌లో ప్రకటించింది. మీ ఇంట్లో ఇంటెల్ తరహా ప్రోగ్రాములు ఏవేం మిగిలాయో ఇప్పుడే జాబితా రాసుకుని, ఆర్మ్ రూపం ఉన్నవాటిని మార్చుకోండి. చదివిపెట్టే పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే పిల్లలకు నాలుగు అక్షరాలు దిద్దించినట్టు.