చీలమండ బెణికితే తగ్గాల్సింది వాపు ఒక్కటేనా?

కదలకుండా నిలబడటం ఎవరికీ సాధ్యం కాదు. భౌతికశాస్త్రం లెక్కలో నిలబడిన మనిషి తలకిందులైన లోలకం. బరువంతా పైన ఉంటుంది, ఇరుసు చీలమండ దగ్గర. గరిమనాభి నుంచి కిందికి గీసిన గీత ఆ కీలుకు కాస్త ముందు పడుతుంది కాబట్టి శరీరం ముందుకు ఒరగబోతూనే ఉంటుంది, పిక్క కండరాలు వెనక్కి లాగుతూనే ఉంటాయి. ఈ ఊగిసలాట మనకు తెలియదు. కళ్లు, లోపలి చెవి, అరికాలి చర్మం, కండరాలు, కీళ్లు పంపే సంకేతాలతో మెదడు, వెన్నుపాము ఆ పని చక్కబెడతాయి.

ఇందులో చీలమండ లిగమెంట్ల వాటా ఎంత? 1965లో బ్రిటన్‌కు చెందిన ఎం.ఎ.ఆర్. ఫ్రీమన్ బృందం ఒక వివరణ ఇచ్చింది. ఒకసారి బెణికిన కాలు మళ్లీ మళ్లీ మడతపడటానికి లిగమెంట్ వదులు కావడం ఒక్కటే కారణం కాదని, అందులోని నాడీ గ్రాహకాలు దెబ్బతినడం వల్ల కీలు కదలిక సమాచారం సరిగా అందదని వారి వాదన. ఊగే చెక్కపై నిలబడే వ్యాయామాన్ని వారు సూచించారు.

వినడానికి చక్కని వివరణే. కానీ 1993లో డెన్మార్క్ పరిశోధకులు చీలమండకు, పాదానికి మత్తుమందు ఇచ్చి పరీక్షిస్తే కథ అడ్డం తిరిగింది. పాదాన్ని వేరొకరు తిప్పినప్పుడు అది ఏ కోణంలో ఉందో చెప్పడం కష్టమైంది. తమంతట తాము తిప్పినప్పుడు ఆ ఇబ్బంది రాలేదు. ఒంటికాలిపై నిలబడినప్పుడు తూలడమూ పెరగలేదు!

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. మామూలుగా నిలబడినప్పుడు చీలమండ కోణం మారేది చాలా కొద్దిగా. లిగమెంట్ బాగా బిగిసేదేమో కీలు తన హద్దుకు చేరినప్పుడు. పాదాన్ని కదిలించే ముఖ్యమైన కండరాలు మోకాలి కింద, మత్తు చేరని చోట ఉన్నాయి. వాటిలోని సాగుదలను కొలిచే గ్రాహకాలు వార్త పంపుతూనే ఉన్నాయి.

మరి బెణికినవారు ఎందుకు తూలుతారు? నొప్పి, వాపు, కండరాల బలహీనత కారణాలే. కొందరిలో దెబ్బ తగలని కాలిపై కూడా నిలకడ తగ్గినట్టు పరిశోధకులు గమనించారు. అంటే మార్పు కొంత నాడీవ్యవస్థ నియంత్రణలోనే ఉందన్నమాట. ఫ్రీమన్ వివరణ పూర్తిగా నిలవలేదు కానీ ఆయన చెప్పిన వ్యాయామం నిలిచింది. నిలకడ శిక్షణతో, ముఖ్యంగా అంతకుముందు బెణికిన క్రీడాకారుల్లో, మళ్లీ బెణకడం తగ్గుతుందని తర్వాతి పరీక్షల్లో తేలింది.

మన దగ్గర చికిత్స తరచూ ఎక్స్‌రేతోనే ఆగిపోతుంది. ఎముక విరగలేదనగానే క్రేప్ బ్యాండేజ్, పూతమందు, వారం విశ్రాంతి, ఆపై మళ్లీ కబడ్డీ కోర్టు. ఇది సరిపోదు. మందుల చీటీలో నిలకడ వ్యాయామానికీ ఒక గీత ఉండాలి, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడికీ అది తెలియాలి. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. నొప్పి తగ్గి, డాక్టరో ఫిజియోథెరపిస్టో సరేనన్నాక, గోడ పక్కన ఒంటికాలిపై నిలబడటంతో మొదలుపెట్టవచ్చు. అది తేలికయ్యాక కళ్లు మూసుకుని, ఆ తర్వాత మెత్తటి దిండుపై. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం కళ్లు మూసుకునే దశను ఒంటరిగా ప్రయత్నించకూడదు. వారి నిలకడ చాలావరకు చూపు మీదే ఆధారపడి ఉంటుంది.